రెండు చుక్కలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్సు షాపు మీది మేడ,
సాయంత్రం ఆరున్నర బ్యాచి.
ఎనిమిది కంప్యూటర్లు. ఆరు పనిచేస్తాయి.
మీరాబీ లోపలికొస్తే
ముందు ఎవరో ఒకరు తుమ్ముతారు.
పొద్దుట్నుంచీ కోల్డు స్టోరేజీలో
మిరపకాయల తొడిమలు తీసిన చేతులు,
ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా ఘాటు వదలదు.
ఆ మూల కీబోర్డు ఇక ఆమెదే,
మర్చిపోయి దాన్ని ముట్టుకుని
నేను కన్ను నలుపుకున్న రోజు నుంచి.

రాస్తున్నది చిన్న ప్రోగ్రాము.
టిక్కీ బరువు అడగాలి, రేటుతో హెచ్చవేయాలి.
బరువు అడిగిన చోట ఎవరైనా
అంకె వేయకుండా నలభై అని అక్షరాల్లో కొడితే
కూలిపోకూడదు.
"కొడతారు సార్. మా గుమాస్తా కచ్చితంగా కొడతాడు."

ప్రోగ్రాము కూలిపోలేదు.
అసలు లేవనే లేదు.

ఎర్రటి అక్షరాలు, నాలుగో వరుస కింద బాణం.
ఆ వరుసని పదిసార్లు చదివింది,
చెరిపింది, మళ్ళీ అదే రాసింది,
స్క్రీను మీద దుమ్మేమోనని కొంగుతో తుడిచింది.
"ఒక వరుస పైకి చూడు" అన్నాను.
అక్కడ రెండు బ్రాకెట్లు తెరిచి
ఒకటే మూసింది.
పాత మిషన్లు ఇవి,
తప్పు జరిగిన చోట నోరు మెదపవు,
ఇంకో అడుగు వేశాక అరుస్తాయి.
"మా యార్డులోనూ అంతే సార్,
సరుకు తడిపేది ఒకడు,
తిట్లు కాటా దగ్గర నిలబడినోళ్ళకి."

మూసింది. మళ్ళీ ఎరుపే.
ఎక్సెప్ట్ అని ఉండాల్సిన చోట
ఎక్స్‌పెక్ట్ అని ఉంది.
సీ, పీ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి.
మొదటిది మినహాయింపు, రెండోది ఎదురుచూపు, అని చెప్పాను.
ఆమె కాసేపు ఆలోచించి
"తప్పొస్తుందని ఎదురుచూడటమే కదా సార్
మనం రాసేది?" అంది.
పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను.
కాదనడానికి పుస్తకం ఉంది, జవాబు లేదు.

ఇంకా ఎరుపు.
వరుస చివర రెండు చుక్కలు లేవు.
"దుఃఖం రాయడం వచ్చా?"
"వచ్చు సార్."
"మధ్యలో ఒకదాని మీద ఒకటి సున్నలుంటాయే, అట్టాంటివే.
అక్కడ పెట్టాలి."
"అవి లేకుండా రాసినా మనుషులకి తెలిసిపోద్ది కదా సార్"
అంటూనే పెట్టింది.

పట్టే సంచికే చిల్లుంటే
ఆ చిల్లుని ఆ సంచిలోనే పట్టలేం.
దాన్ని దబ్బనంతో, ఒళ్ళో పెట్టుకుని,
కూర్చుని కుట్టాల్సిందే.
ఇది ఆమెకి చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఇంకోటి ఉంది, చెప్పలేదు.
ఒకప్పుడు ఒక రైసుమిల్లుకి లెక్కల ప్రోగ్రాము రాశాను.
అన్ని చుక్కలూ పెట్టాను, ఒక్క బ్రాకెట్టూ వదల్లేదు.
ఏ తప్పొచ్చినా సరే
నోరు మూసుకుని ముందుకి పో
అని చివర్లో రాశాను.
మూడు నెలలు నోరు మూసుకునే పోయింది.
వీధిలో ఆ మిల్లు యజమాని ఎదురైతే
ఇప్పటికీ నేను పక్క లైన్లోకి తిరుగుతాను.

ఎనిమిదిన్నర. తక్కినవాళ్ళు మెట్లు దిగుతున్నారు.
ఆఖరి వరుస ఎడమకి జరిగిపోయి ఉంది,
నాలుగు ఖాళీలు లోపలికి తోసింది,
కాటా ముల్లు నిలిచేదాకా చూసినట్టు చూసి.
అందులో నేను రాయమన్న మాట: తప్పు.
ఆ మాట మీద వేలు ఆగింది.
"ఇది తీసేస్తా సార్.
రోజంతా వినేదే."

నలభై అని కొట్టింది, అక్షరాల్లో.
నల్లటి తెర మీద తెల్లగా వచ్చింది:
అంకెల్లో చెప్పన్నా, రాసుకుంటా.

నడిపింది. మళ్ళీ నలభై.
మళ్ళీ నడిపింది. ముప్పై ఎనిమిదిన్నర.
మళ్ళీ. గుమాస్తా పేరు.
ఒక్కసారి కూడా అది
గొంతు పెంచలేదు.